సిరిమాను పండగకు ఒకే గది మీద మూడు బుకింగులు

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగే దారిలో మేడ ఉన్నవాళ్లకు ఆ పండగ నెలలో బంధుబలం పెరుగుతుంది. ఏడాది పొడుగునా పలకరించని వాళ్లు కూడా వినాయక చవితి దాటేసరికి ఫోను చేసి, అందరి ఆరోగ్యాలూ అడిగి, చివర్లో "పండగకు ఊళ్లోనే ఉంటారుగా?" అంటారు. మేము ఊళ్లో ఉంటామో లేదో వాళ్లకు అనవసరం. బాల్కనీ ఖాళీగా ఉంటుందా అన్నది అసలు సంగతి.

మాది మూడు లాంతర్ల కూడలి నుంచి కోటకు వెళ్లే దారిలో, మామగారు కట్టించిన పాత మేడ. కింద అత్తగారు, మా ఆయన, నేను ఉంటాం. పై వాటాలో రెండు గదులు, మధ్యలో హాలు, వీధి వైపు బాల్కనీ. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయాక ఆ వాటాను రోజుల లెక్కన అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టాం. రామతీర్థం దర్శనానికి వచ్చేవారు, పెళ్లిళ్లకు వచ్చిన చుట్టాల్లో ఇంట్లో చోటు చాలనివారు, అరకు వెళుతూ ఒక రాత్రి ఆగేవారు, సంగీత కళాశాలలో పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు, వీళ్లే మా అతిథులు. మామూలు రోజుల్లో ఎవరూ ఎవరికీ అడ్డం రారు. సగం రోజులు గదులు ఖాళీగానే ఉంటాయి.

పండగ రోజుల లెక్క వేరు. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, దాని ముందు రోజు తొలేళ్లు. 2024లో విజయదశమి అక్టోబర్ 12న శనివారం వచ్చింది. అందువల్ల తొలేళ్లు 14న, సిరిమాను 15న. నేను చెప్పబోయే చిక్కు ఆ ఏడాదిది.

ముందు చిక్కు ఎక్కడ పుడుతుందో చెప్పాలి. మా వాటా రెండు సైట్లలో ఉంటుంది. పేర్లు ఎందుకు లెండి. మొదటిదానిలో గదులు విడివిడిగా పెట్టాం, రెండోదానిలో వాటా మొత్తంగా పెట్టాం. ఒక చోట బుక్ అయితే రెండో చోట ఆ తేదీలు మూసుకుపోయేలా రెండు క్యాలెండర్లకూ ఐకాల్ లింకులు కలిపాం. అది అప్పటికప్పుడు జరిగే పని అని చాలామంది అనుకుంటారు. కానీ ఇక్కడ బుకింగ్ పడగానే అక్కడికి కబురు వెళ్లదు. అవతలి సైటే కొన్ని గంటలకోసారి వచ్చి లింకు తెరిచి, ఏ తేదీలు మూసి ఉన్నాయో చదువుకుని పోతుంది. ఒకసారి చదివి వెళ్లాక మళ్లీ వచ్చేదాకా రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. దానికి తోడు అడగకుండానే ఖాయమయ్యే బుకింగ్ పద్ధతి పెట్టుకుంటే, అతిథి డబ్బు కట్టడం, ఖాయమైందని అతనికి సందేశం వెళ్లడం ఒక్క క్షణంలో అయిపోతాయి. మధ్యలో మనకు మాట్లాడే అవకాశమే ఉండదు. మామూలు రోజుల్లో ఆ కొన్ని గంటల్లో రెండు బుకింగులు పడడం అరుదు. పండగ తేదీల కోసం అందరూ ఒకేసారి వెతుకుతారు కనుక అప్పుడే పడతాయి.

చవితి పందిళ్లు విప్పేసిన తర్వాతి ఆదివారం సాయంత్రం రెండో సైటు నుంచి ఒక బుకింగ్ వచ్చింది. రాయగడ నుంచి ఆరుగురు, వాటా మొత్తం, అక్టోబర్ 14, 15 రాత్రులు. కింద ఒక వాక్యం రాశారు: "మా అమ్మగారికి మొక్కు ఉంది, మెట్లు ఎక్కువ ఉంటాయా?" మెట్లు ఎన్నో చెప్పి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉందని జవాబు రాస్తుండగానే మొదటి సైటు మోగింది. హైదరాబాదు నుంచి ఒక జంట. వీధి గది, 13, 14 రాత్రులు. అది కూడా ఖాయమైపోయింది.

ఇవి కాక మూడోది ఒకటి ఉంది. దానికి సైటు లేదు, అడ్వాన్సు లేదు, తేదీ కూడా చెప్పనక్కర లేదు. అత్తగారి తమ్ముడు చీపురుపల్లి దగ్గరి పల్లెలో ఉంటారు. మేము ఆయన్ను మావయ్య అంటాం. ఈ ఇల్లు కట్టిన నాటి నుంచి తొలేళ్ల సాయంత్రం భార్యతో, కొడుకూ కోడలితో దిగుతారు. వీధి గదిలో పడుకుంటారు, సిరిమాను చూసి బుధవారం పొద్దున్న వెళతారు. వాటా అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టాక ఏదో ఒక గది ఖాళీగా ఉంటూ వచ్చింది కనుక ఆ సంగతి ఎప్పుడూ తెగేదాకా రాలేదు.

రాత్రి భోజనాల దగ్గర విషయం చెప్పాను. మా ఆయన ప్రభుత్వోద్యోగి. ఆయన తీర్పు వెంటనే వచ్చింది: ముందొచ్చిన వాళ్లకు ముందు. రాయగడ వాళ్లు ముందు, హైదరాబాదు వాళ్లది రద్దు చేసేయడమే. అత్తగారు మజ్జిగ కలుపుకుంటూ, "ముందొచ్చిన వాళ్లంటే నా తమ్ముడే. ముప్పై ఏళ్ల ముందొచ్చాడు. వాడు ఏ సైటులో బుక్ చేసుకోవాలో చెప్పండి, చేసుకుంటాడు" అన్నారు. ఆ తర్వాత ఎవరం మాట్లాడలేదు.

నాకు "ముందొచ్చిన వాళ్లకు ముందు" అన్నది బస్సు సీటుకు పనికొచ్చే న్యాయంలా అనిపిస్తుంది. ఇక్కడ ఇద్దరూ డబ్బు కట్టారు, ఇద్దరికీ ఖాయమైందని సందేశం వెళ్లింది. ఎవరు ఎన్ని నిమిషాలు ముందు అన్నది మాకు తెలుసు గానీ వాళ్ల దృష్టిలో ఇద్దరూ ముందే. అందుకే ఎవరిని కదిపితే తక్కువ నష్టమో చూద్దామనుకున్నాను. కాగితం మీద రాత్రి రాత్రికీ ఒక గడి గీశాను. ఆదివారం, సోమవారం, మంగళవారం. ఒక్కో గడిలో వీధి గది, లోపలి గది, హాలు. పేర్లు వేస్తే తేలింది ఏమిటంటే, ఆ రెండు బుకింగుల గొడవంతా సోమవారం రాత్రి వీధి గది ఒక్కదాని మీదే. ఆదివారం జంట ఒక్కరే ఉంటారు. మంగళవారం రాయగడ వాళ్లే ఉంటారు. ఫోనులో "రెండు బుకింగులు ఢీకొన్నాయి" అని ఎర్రగా కనిపించినప్పుడు మొత్తం కూలిపోయినట్టు అనిపిస్తుంది గానీ, చాలాసార్లు తగువు ఒక్క రాత్రిదే.

ఆ తర్వాత రెండు సైట్ల నియమాలూ తీసి చదివాను. జంట బుక్ చేసిన సైటులో ఇంటివాళ్లు రద్దు చేస్తే జరిమానా ఉంది. వచ్చే తేదీకి 30 రోజులకు పైగా ఉంటే బుకింగ్ మొత్తంలో 10 శాతం, 30 రోజులకూ 48 గంటలకూ మధ్య అయితే 25 శాతం, 48 గంటల లోపు అయితే 50 శాతం. మేము మధ్య రకంలో పడ్డాం. దాంతో పాటు రద్దు చేసిన తేదీలను వాళ్లు మూసేస్తారు, మళ్లీ ఇంకొకరికి ఇవ్వలేం. మేలైన ఆతిథ్యానికి ఇచ్చే గుర్తు నిలవాలంటే రద్దుల శాతం ఒకటికి లోపు ఉండాలి. మాలాంటి రెండు గదుల వాళ్లకు ఒక్క రద్దుతో ఆ శాతం దాటిపోతుంది. జరిమానా తప్పించుకోవడానికి "మీరే రద్దు చేసుకోండి" అని అతిథిని అడగడమూ నిషేధమే. రెండో సైటు దారి ఇంకొకటి. ఉన్నదానికి మించి బుకింగ్ తీసుకుంటే అంతే మంచి బసను మనమే వెతికి చూపించాలి, ధరలో తేడా ఉంటే మనమే భరించాలి. సిరిమాను వారంలో, విజయనగరంలో, ఆరుగురికి, మెట్లు ఎక్కలేని పెద్దావిడతో! ఊళ్లో హోటళ్లు ఎప్పుడో నిండిపోయాయి.

సహాయ కేంద్రానికి కూడా రాశాను. ఒకరు మర్యాదగా నియమాలన్నీ మళ్లీ నాకే పంపారు. అయితే ఒక్క మాట మాత్రం పనికొచ్చింది. బుకింగ్ రద్దు చేయకుండా తేదీలు మార్చే అభ్యర్థన పంపవచ్చు. అతిథి ఒప్పుకుంటే కొత్త తేదీల ప్రకారం ధర దానంతట అదే సర్దుకుంటుంది, తగ్గిన మొత్తం వాళ్లకు తిరిగి వెళుతుంది, రద్దు కింద లెక్కపడదు. రెండు రాత్రుల బుకింగును ఒక రాత్రికి కుదించవచ్చు అన్నమాట.

అంటే కదపవలసింది జంటను, అదీ ఒక్క రాత్రికి. నిర్ణయం అయింది గానీ ఫోను మాత్రం వెంటనే చేయలేదు. వాళ్లను ఎక్కడికి కదుపుతానో తెలియకుండా ఫోను చేస్తే నేను చెప్పగలిగింది క్షమించండి అన్న మాట ఒక్కటే. అయ్యకోనేరు గట్టు దగ్గర నాకు తెలిసినావిడ ఒకరు ఇలాగే గదులు ఇస్తారు. నన్ను అక్కా అంటుంది. 14వ తేదీకి ఆమె గది ఒకటి ఇంకా మిగిలి ఉంది. "నీ కోసం ఉంచుతాను అక్కా, కానీ రేటు మాత్రం పండగ రేటే" అంది. బతిమాలాను. "మీరు తగ్గిస్తారా పండగకు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రికి అద్దె నేనే కడతానని, అతిథి దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దని చెప్పి గది ఆపించాను. సైటు ద్వారా వచ్చిన అతిథి చేత బయట డబ్బు కట్టించడం కూడా నియమాలకు విరుద్ధమే.

అప్పుడు జంటకు ఫోను చేశాను. ఎత్తింది ఆ అమ్మాయి. విషయం చెప్పగానే అటు నుంచి రెండు క్షణాలు మౌనం, తర్వాత ఒకే ప్రశ్న: "ఎక్కువ ఇచ్చేవాళ్లు దొరికారా అండీ?"

కోపం రాలేదని అంటే అబద్ధం. కానీ ఆమె స్థానంలో ఎవరున్నా అదే అడుగుతారు. పండగకు నెల ముందు తీసుకున్న బుకింగును పండగ దగ్గర పడ్డాక ఏదో వంక చెప్పి ఎగ్గొట్టి, అదే గదిని రెట్టింపుకు ఇచ్చేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. రెండు బుకింగులూ ఏ సమయానికి వచ్చాయో కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, రాయగడ వాళ్ల పేరు చెరిపేసి పంపాను. వాటాకు ఆ కుటుంబం కడుతున్న రేటు కూడా అందులో కనిపిస్తుంది. పండగ అని మేము రేటు పెంచిన మాట నిజమే, కానీ వాళ్లకూ వీళ్లకూ అదే లెక్క. కాసేపటికి ఆమే తిరిగి ఫోను చేసింది. ఈసారి గొంతు మెత్తబడింది.

"మాకు గది ఎక్కడైనా ఫరవాలేదు. మా ఆయన ఫొటోలు తీస్తారు. మీ బాల్కనీ ఫొటో చూసే బుక్ చేశాం. బాల్కనీ మాకు ఉంటుందా?" అని అడిగింది.

అసలు మెలిక అక్కడ బయటపడింది. వాళ్ల బుకింగ్ ప్రకారం వాళ్లు మంగళవారం పొద్దున్న 11 గంటలకు గది ఖాళీ చేయాలి. సిరిమాను కదిలేది మధ్యాహ్నం దాటాక. సోమవారం రాత్రి గది వాళ్లకే ఇచ్చినా, మంగళవారం బాల్కనీ వాళ్లది కాదు. ఆ సంగతి వాళ్లకు తెలియదు. ఆ తేదీలు చూసినప్పుడు నాకే అనుమానం వచ్చి ఉంది, తొలేళ్లనే సిరిమాను అనుకున్నారేమోనని. విడమరిచి చెప్పాను: సోమవారం రాత్రి మీరు వదులుకోండి, మంగళవారం మధ్యాహ్నం బాల్కనీలో చోటు ఇప్పించే పూచీ నాది. అంత ధైర్యంగా అన్నాను గానీ, ఆ బాల్కనీ మంగళవారం రాయగడ వాళ్లది. నాది కాని చోటును పంచిపెడుతున్నాను.

రాయగడ అబ్బాయికి ఫోను చేశాను. తెలుగు మనలాగే మాట్లాడతారు, ఆ ప్రాంతంలో మనవాళ్లు ఎక్కువ. ఇద్దరు వస్తే ఇబ్బందా అని అడిగితే "మా అమ్మను అడగండి" అని ఫోను ఆవిడకే ఇచ్చారు. ఆవిడ తేల్చి చెప్పారు: "నా మొక్కు తీరేదాకా నా ముందు ఎవరూ అడ్డం నిలబడకూడదు. అరటిపండ్లు నా చేత్తో వేయాలి. ఆ తర్వాత ఎవరైనా నిలబడండి."

ఇక్కడ తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. సిరిమాను అంటే పొడవాటి చింత మాను. ఏ చెట్టు అన్నది అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. ఆ చెట్టును తెచ్చి, హుకుంపేటలో చెక్కి, ఉత్సవం రోజు బండికి అమరుస్తారు. మాను చివర కట్టిన ఆసనంలో పూజారి కూర్చుంటారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి, వెనక సిరిమాను. అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా వెళ్లి రావడం మూడుసార్లు. మాను పైకి లేచి ఉంటుంది కనుక వీధిలో నిలబడ్డవాళ్లు తలెత్తి చూడాలి. మేడ మీద ఉన్నవాళ్లకు పూజారి దాదాపు కళ్లకు ఎదురుగా వస్తారు. అందుకే ఆ దారిలో బాల్కనీలకు అంత గిరాకీ. పాత మేడల మీదికి జనాన్ని ఎక్కించవద్దని అధికారులు చెబుతూనే ఉంటారు. మా బాల్కనీ కూడా ఆనాటి కట్టుబడే. ఒకేసారి పదిమందికి మించి నిలబడకూడదని మా ఆయన ఏనాడో శాసనం చేశారు. ఇంజనీరు ఎవరినీ అడగలేదు, కానీ ఈ విషయంలో నేనూ ఆయన పక్షమే.

పదిమంది. రాయగడ వాళ్లు ఆరుగురు, జంట ఇద్దరు, మావయ్య కుటుంబం నలుగురు, మేము ముగ్గురం. పదిహేను. మంచాల తగువు తీరేసరికి బాల్కనీ తగువు మొదలైంది.

మూడుసార్లు తిరుగుతుందన్న సంగతే దారి చూపించింది. తిరుగుడు తిరుగుడుకీ ముందు వరుస మారితే సరిపోతుంది కదా. మొదటిసారి రాయగడ వాళ్లు, మొక్కు తీర్చుకుంటారు. రెండోసారి మావయ్య వాళ్లు. మూడోసారి జంట. ఇలా అనుకుని జంటకు చెబితే, అబ్బాయి మొదటిసారి లైనులోకి వచ్చాడు. "మూడోసారికి వెలుతురు ఉంటుందా అండీ?" అని అడిగాడు. ఉండదు. అక్టోబరులో మా వైపు త్వరగా చీకటి పడుతుంది, ఊరేగింపు మొదలయ్యేది అనుకున్న సమయానికి ఎప్పుడూ కాదు. అయితే జంటకు రెండోది, మావయ్యకు మూడోది అన్నాను ఇంట్లో. అత్తగారు చీర కొంగు సర్దుకుని, "నా తమ్ముడు చివర్లోనా?" అన్నారు. నేను మాట పెంచలేదు. మావయ్యనే అడుగుదాం అన్నాను.

ఫోను అత్తగారి చేతనే చేయించాను. అది కావాలనే. ఈ ఇంట్లో మావయ్యకు నేను నియమాలు చెబితే అది కోడలి మాట, అక్క చెబితే అక్క మాట. ఆవిడ చాలాసేపు పంటల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడి, చివరికి వంకరగా విషయం తెచ్చారు. పై గదిలో వేరేవాళ్లు ఉంటారట, మీరు కింద నా గదిలో పడుకుందురు గానీ, ఏమీ అనుకోకు అన్నారు. అటు నుంచి మావయ్య ఏమన్నారో నాకు వినిపించలేదు గానీ అత్తగారి ముఖం మాత్రం తేలికపడింది. ఫోను పెట్టేసి, "వాడికి మెట్లు ఎక్కడం కష్టంగా ఉందట, రెండేళ్లుగా చెప్పలేక ఊరుకున్నాడట" అన్నారు. మర్యాద కోసం వీధి గది ఇస్తున్నామని మేము, మర్యాద కోసం ఆ మెట్లు ఎక్కుతూ ఆయన!

ఆ రోజే మొదటి సైటులో తేదీ మార్పు అభ్యర్థన పంపాను. జంట ఒప్పుకున్నారు. సోమవారం రాత్రి డబ్బు వాళ్లకు వెనక్కి వెళ్లింది. మాట్లాడుకున్నదంతా సైటు సందేశాల్లో కూడా ఒకసారి రాసి పెట్టాను: ఫలానా తేదీ రాత్రి ఫలానా వీధిలో బస, అద్దె నాది, మంగళవారం మధ్యాహ్నం బాల్కనీలో రెండో తిరుగుడుకు ముందు వరుస. ఫోనులో అనుకున్న మాట పండగ నాటికి ఎవరికి గుర్తున్నట్టు వాళ్లకు మారిపోతుంది. రాత ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పండగ రోజుల్లో ఇంకో సంగతి చూసుకోవాలి. ఊరి నడిబొడ్డులోకి వాహనాలు రానివ్వరు. ఎక్కడ ఆపేస్తారో అక్కడి నుంచి నడవాలి. అందుకే ఇద్దరికీ ముందు రోజే సందేశం పంపాను: సామాను తక్కువ తెచ్చుకోండి. రాయగడ వాళ్లకు సోమవారం పొద్దున్నే ఇల్లు చేరమని కూడా రాశాను. జంట ఆదివారం వచ్చారు. సోమవారం పొద్దున్న టిఫిను అయ్యాక ఒక్క బ్యాగు తీసుకుని అయ్యకోనేరు వైపు నడిచి వెళ్లారు. కెమెరా స్టాండు, పెద్ద పెట్టె మా మెట్ల కింద గదిలో ఉంచారు. వాళ్లు వీధి మలుపు తిరిగేలోపే పరుపు మీద దుప్పట్లు మార్చాను. ఇంకో గంటకు రాయగడ వాళ్లు స్టేషను నుంచి వచ్చారు. పెద్దావిడ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, పైన కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, మొదట అడిగింది ఇది: "ఆ ఇద్దరూ ఏరమ్మా? భోజనం చేశారా?"

తొలేళ్ల రాత్రి ఎవరూ సరిగా నిద్రపోలేదు. ఊరంతా మేలుకునే ఉంటుంది, గదులు ఎవరివైతేనేం.

మంగళవారం మధ్యాహ్నానికి జంట వచ్చారు. ఆలస్యం అవుతుంటే పెద్దావిడ ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. అమ్మవారి కథ తెలుసా అంటే తెలియదంది. నన్ను చెప్పమన్నారు. పైడితల్లి విజయరామరాజు గారి చెల్లెలని, 1757లో బొబ్బిలి మీద యుద్ధానికి వెళ్లిన అన్న కోసం ఆరాటపడిందని, ఆయన పోయాడని తెలిసి పెద్ద చెరువులో లీనమైందని, తర్వాత విగ్రహమై చెరువులో దొరికిందని మా ఊళ్లో చెప్పుకునే కథ చెప్పాను. రాయగడ ఆవిడకు కథ నాకంటే బాగా తెలుసు. మధ్యమధ్య సరిదిద్దుతూ వచ్చారు.

మొదటి తిరుగుడు వచ్చింది. కింద వీధి కనబడడం లేదు, తలలే తలలు. డప్పులు మా గోడల్లో మోగుతున్నాయి. మాను చివర పూజారి విసనకర్రతో ఊగుతూ బాల్కనీకి ఎదురుగా వచ్చేసరికి పెద్దావిడ కమ్మీ మీదికి వంగి అరటిపండ్లు విసిరారు. మొదటిది దూరం పోలేదు. రెండోది మానుకు తగిలింది. మూడోది ఎక్కడ పడిందో ఎవరూ చూడలేదు, ఆవిడ అప్పటికే చేతులు జోడించి ఏడుస్తున్నారు. కొడుకు ఆవిడ నడుము పట్టుకుని ఉన్నాడు. ఇద్దరి వెనక ఆ ఫొటోల అబ్బాయి కెమెరా కిందికి దించి నిలబడ్డాడు. అతని వంతు కాదు కదా.

రెండో తిరుగుడుకు ముందు వరుస మారింది. పెద్దావిడే స్వయంగా లేచి, ఆ అబ్బాయి భుజం తట్టి ముందుకు పంపారు. వెలుతురు ఇంకా ఉంది. మూడోసారికి మావయ్య వాళ్లను పిలుద్దామని కిందికి దిగితే వాళ్లు గదిలో లేరు. అందరూ వీధిలోనే ఉన్నారు. ఆయన పంచె ఎగ్గట్టి, జనంలో ఎక్కడో, చేతిలో అరటి గెలలో సగంతో. అత్తగారు గుమ్మంలో నిలబడి, "చిన్నప్పటి నుంచీ అంతే, పైనుంచి చూస్తే వాడికి తృప్తి ఉండదు" అన్నారు. మూడో తిరుగుడుకు బాల్కనీలో అందరమూ కలిపి పదిమంది కూడా లేము.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. జంట బుకింగ్ నేరుగా రద్దు చేసి ఉంటే రెండు రాత్రుల ఆదాయం పోయేది, జరిమానా కింద ఇంకో అర రాత్రి విలువ పోయేది, ఆదివారం తేదీ మూతపడేది. తేదీ మార్పుతో ఒక రాత్రి ఆదాయం, అయ్యకోనేరు గది అద్దె ఒక రాత్రి పోయాయి. అంటే అర రాత్రి మిగిలింది. దానికోసం ఇంత చేయాలా అని మా ఆయన అడిగారు. మేలైన ఆతిథ్యపు గుర్తు పోలేదు కదా అన్నాను. ఆ గుర్తు వల్ల వచ్చే బుకింగులు ఎన్నో ఆయనే లెక్క రాస్తారు కనుక మళ్లీ అడగలేదు.

ఆ తర్వాత కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. నవరాత్రులు మొదలైన నాటి నుంచి తెప్పోత్సవం దాకా వాటా ఒక్క సైటులోనే ఉంటుంది, రెండోదాన్ని చేత్తో మూసేస్తాం. ఆ రోజులకు అడగకుండా ఖాయమయ్యే బుకింగ్ ఉండదు. అభ్యర్థన వస్తే, ఎంతమంది, పెద్దవాళ్లున్నారా, సిరిమాను రోజు ఎన్ని గంటలదాకా ఉంటారు అని అడిగాకే ఒప్పుకుంటాం. పండగకు రెండు రాత్రులకు తక్కువ ఇవ్వం, ఆ రెండింటిలో మంగళవారం రాత్రి ఉండాలి. రెండు సైట్లనూ క్షణాల్లో కలిపే ఛానెల్ మేనేజర్లు దొరుకుతాయి గానీ నెలనెలా కట్టాలి. రెండు గదులకు అది దండగ. దాని బదులు వంటింటి గోడ మీద క్యాలెండరే అసలు లెక్క. ఏ బుకింగ్ వచ్చినా ముందు దాని మీద రాసి, ఆ తర్వాతే జవాబు ఇస్తాను. 2025లో సిరిమాను అక్టోబర్ 7న వచ్చింది. ఆ గడిలో కింది గదికి ఎదురుగా అత్తగారు తన చేతిరాతతో ఉగాది నాడే "తమ్ముడు" అని రాసేశారు.

జంట ఐదు నక్షత్రాలు ఇచ్చి సమీక్ష రాశారు. బాల్కనీ గురించీ పెద్దావిడ గురించీ బాగా రాసి, చివర్లో "రెండో రాత్రి అయ్యకోనేరు దగ్గర వేరే ఇంట్లో ఉన్నాం, ఆ ఇల్లు ఇంకా ప్రశాంతంగా ఉంది" అని చేర్చారు. అది చదివినవాళ్లు ఆ ఇల్లు ఏదని ఇప్పటికీ నన్నే అడుగుతుంటారు. సైటులో ఇంకొకరి ఫోను నంబరు ఇవ్వకూడదు కనుక అయ్యకోనేరు అని వెతుక్కోమని రాస్తాను. ఆ సంగతి ఆ ఇంటావిడకు చెప్పి, వచ్చే పండగకు ఏదైనా తగ్గిస్తావా అని అడిగాను. నవ్వింది గానీ తగ్గించలేదు.